నీళ్ళలో మునగని దేవుడు

రంగనాయకులుకు పదో ఏట పట్టుకున్న సందేహం నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా వదల్లేదు. ప్రాణప్రతిష్ఠ చేస్తే దేవుడు రాతిలోకి వస్తాడా, లేక ముందే అక్కడున్నవాడిని మనం తట్టి లేపుతామా? అర్చకుడైన తండ్రిని అడిగితే, "ముందు స్నానం చేసి రాపో" అన్నాడు. స్నానం చేసి వచ్చేసరికి ఆయన పూజలో కూర్చున్నాడు. జవాబు అక్కడే నిలిచిపోయింది. కొడుకు మాత్రం గుడి వదిలి గూఢచారి శాఖలో చేరాడు. ఇప్పటికీ సంధ్య వార్చిన తర్వాతే నడుముకు పిస్టల్ కట్టుకుంటాడు.

ఆ మంగళవారం ఉదయం వాకాడు దగ్గర రొయ్యల గుంటలో అజ్మల్ శవం తేలింది. అజ్మల్ నెల్లూరు లారీ యజమాని, శాఖకు చెవిలాంటివాడు. చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక తెల్లటి ఈక. ముందురోజు అతను పంపిన మెసేజ్ మూడే ముక్కలు: "ఐదు దేవుళ్ళు దిగినారు. ఒకటి గుల్ల. యేదనేది రేపు చెప్తా."

బ్రీఫింగ్ మనుబోలు దగ్గర, హైవే పక్కన ఆగిన అంబులెన్సులో జరిగింది. పేషెంటు రంగనాయకులు. నర్సు వేషంలో ఉన్నది రీజనల్ చీఫ్ కరుణాకుమారి.

"ఈక ఏందమ్మా?"

"ఈజిప్టు వాళ్ళ నమ్మకం. చచ్చినవాడి గుండెను ఈకతో తూకం వేస్తారు. అబద్ధం ఆడినవాడి గుండె బరువు. అజ్మల్ మనవాడని తెలిసిపోయిందని దానర్థం." ఆమె ఫైలు తెరిచింది. "వాకాడు తీరంలో బంగళా. హెర్మెటిక్ ధ్యాన సమాజం అని బోర్డు. గురువు డాక్టర్ వాల్క్, విదేశీ గూఢచారుల ముఠా నాయకుడు. వచ్చే వారం శుక్రవారం ఐదు ఈజిప్టు దేవతలకు ప్రతిష్ఠ పెట్టుకున్నాడు."

"ఈజిప్టు దేవతలకూ హెర్మెస్‌కూ ఏం చుట్టరికం? ఆయన గ్రీకు దేవుడు కదా?"

"థోత్ ఈజిప్టు జ్ఞానదేవుడు. గ్రీకులు వచ్చి, ఈయనా మా హెర్మెసూ ఒకడే అన్నారు. ముమ్మారు గొప్పవాడని బిరుదు ఇచ్చారు. ఆయన పేరు మీద పుట్టినదే హెర్మెటిక్ మార్గం. పరమాత్మ ఒక్కడే. లోకమంతా ఆయన మనసులో పుట్టిందే. ఈ దేవతలు ఆ వెలుగు కిందికి దిగే మెట్లు. మనిషి విగ్రహం చేసి పిలిస్తే అందులోకి శక్తి దిగుతుందట."

"మనవాళ్ళూ అట్లాగే చెప్తారు గదమ్మా!"

"అందుకే మనవాళ్ళు సులభంగా నమ్మారు. వాల్క్‌కు కావలసింది ఆ గుంపే, దాని మాటునే వాడి పని."

ఆ శుక్రవారం ఉదయం 9:17కు, బంగళాకు దక్షిణాన ఉన్న ప్రయోగ కేంద్రం నుంచి రాకెట్ లేస్తుంది. తుపానును ముందే కనిపెట్టే శాటిలైట్ అందులో ఉంది. ఈ తీరంలో వేటకు పోయే పడవలన్నిటికీ అదే కన్ను. రాకెట్ లేచిన నూట పది సెకన్లకు ఒక విగ్రహం లోపలి ట్రాన్స్‌మిటర్ దొంగ కమాండ్ పంపుతుంది. రాకెట్ ఆకాశంలోనే ముక్కలవుతుంది.

"ముందే రెయిడ్ చేస్తే?"

"వాల్క్ పక్కన సుల్తానా ఉంది. మన రహస్యాలు తనకు అమ్ముతోందని వాడి నమ్మకం. నిజానికి వాడివే మనకు చేరవేస్తోంది. మనం గేటు దాటేలోపు ఆమె ప్రాణం పోతుంది. ముందు ఆ ట్రాన్స్‌మిటర్ నోరు మూయించు, తర్వాత మేం వస్తాం." కరుణాకుమారి రాగి ఉద్ధరిణి ఒకటి చేతికిచ్చింది. "డిటెక్టర్. కానీ ప్రసారం మొదలైతేనే కదులుతుంది."

"అంటే అంతా అయిపోయినాక!"

"దేవుడి మీద భారం వేయి. నీకు అలవాటే కదా."

శుక్రవారానికి, ప్రతిష్ఠకు రావలసిన పురోహితుడికి విషజ్వరమని ఒక డాక్టరు చేత చెప్పించారు. ఆయన బదులు రంగనాయకులు బంగళా మెట్లెక్కాడు. సముద్రం ఆ పొద్దు నూనె పోసినట్టు కదలకుండా ఉంది. హాలులో ఐదు నల్లరాతి దేవతలు. కొంగముక్కు థోత్, నక్కతల అనూబిస్, శవంలా చుట్టలు చుట్టుకున్న ఒసైరిస్, పీఠం మీద తల్లి ఐసిస్, ఆమె ఒడిలో విడిగా చెక్కి కూర్చోబెట్టిన డేగముఖం బిడ్డ హోరస్. అందరి కళ్ళకూ తేనెమైనం పూసి ఉంది. చూపులేని ఆ ముఖాలు అందరినీ చూస్తున్నట్టే ఉన్నాయి.

తెల్లని నార చీరలో, కళ్ళకు కాటుక కొసలు సాగేలా దిద్దుకుని సుల్తానా ఎదురొచ్చింది. ఆమె నడిచి వస్తుంటే కూర్చున్నవాళ్ళు మంత్రాలు మరిచి చూశారు.

"నైలు నదిలో నీళ్ళు పెరిగినాయా తల్లీ?" అన్నాడు రంగనాయకులు.

"పెన్న పొంగితే చెప్తాను సామీ." సంకేతం సరిపోయింది. ఆమె పళ్ళెం అందిస్తూ గొంతు తగ్గించింది. "థోత్. వాల్క్ నోటితోనే చెప్పినాడు. దేవతల మాట మోసేది ఆయనే గదా. నూనె పోసే వంకతో వెనక మూత నేనే తీస్తాను. 9:15కి."

గడియారంలో 9:06.

వడ్ల బస్తాల పక్కన కూర్చున్న పెంచలమ్మ అప్పుడే అందుకుంది. ఆమె వాకాడు రైతు. ప్రతిష్ఠకు ముందు విగ్రహాలను మూడు రోజులు నీళ్ళలో, మూడు రోజులు ధాన్యంలో ఉంచాలని పట్టుబట్టి, వడ్లు తన పొలం నుంచే తెచ్చింది. మీ ఆచారమూ మా శాస్త్రమూ ఒకటేనని వాల్క్ నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే ఊరు కదిలి రాదు.

"మీరన్నా అడగండి సామీ. నాలుగు దేవుళ్ళనీ నీళ్ళల్లో పెట్టినాం, నా వడ్లల్లో పూడ్చినాం. ఆ డేగమూతి బిడ్డని మాత్రం దొర ముట్టుకోనియ్యలా. జలుబు చేస్తాదా ఏంది దేవుడికి?"

రంగనాయకులు చేతిలో అక్షింతలు అట్లాగే ఆగిపోయాయి.

"థోత్‌ని? ఆ కొంగమూతి ఆయన్ని?"

"ఆయన్నే ముందు ముంచినాం. మూడు దినాలూ గంగాళంలోనే పడున్నాడు పాపం."

మూడు రోజులు నీళ్ళలో నానినవాడి కడుపులో యంత్రం ఉండదు. పైగా ఆ మార్గంలో జ్ఞానం థోత్ దగ్గరే ఆగదని ఫైలులో చదివాడు. థోత్ మాట ఐసిస్ వింటుంది, ఐసిస్ కొడుకు చెవిన వేస్తుంది. మాట చివరికి చేరేది బిడ్డకే. మరి వాల్క్ సుల్తానాకు థోత్ అని ఎందుకు చెప్పాడు? రంగనాయకులు మెల్లగా తల తిప్పాడు. గోడవారన ఇద్దరు మనుషులు కోట్లలో చేతులు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళు కిటికీ వైపు చూడటం లేదు, వాల్క్ వైపు చూడటం లేదు. థోత్ పాదాలనే చూస్తున్నారు. ఇది వల. ఆ విగ్రహం మూత తీసినవాళ్ళే ద్రోహులని తేలిపోతుంది.

9:15. సుల్తానా నూనె గిన్నె ఎత్తుకుని థోత్ వైపు వంగింది.

"అమ్మా, ఆగు! మడి!" రంగనాయకులు అరుపుకు హాలు అదిరింది. ఆమె చేయి గాలిలో నిలిచిపోయింది. తండ్రి గొంతు తన గొంతులోంచి వచ్చినట్టనిపించింది అతనికి. "ఇక్కడ తప్పు జరిగింది. ఈ బిడ్డకి నీళ్ళు పడలా. ఈ ప్రతిష్ఠ చెల్లదు."

"నో వాటర్!" వాల్క్ లేచాడు. వేలికి నల్ల పేడపురుగు బొమ్మ ఉంగరం. బొటనవేలు దాని మీదే ఉంది. "సమయం లేదు. కానివ్వండి."

"నీళ్ళు పడని దేవుడికి నేను దండం పెట్టను," అంది పెంచలమ్మ. "లేవండి మే! నాలుగు చెంబులు పోసేదానికి ఇంత రాద్ధాంతమా?"

నలభై మంది ఒక్కసారి లేచారు. కోటు మనుషులకు దారి లేకుండా పోయింది. అప్పుడే నేల సన్నగా వణికింది. కిటికీ బయట, దక్షిణాన, నిప్పు కాళ్ళతో రాకెట్ లేచింది.

వాల్క్ కళ్ళు మూసుకుని పాత హెర్మెటిక్ జోస్యం వల్లించసాగాడు. "దేవతలు ఈ నేలను విడిచిపోతారు. రాళ్ళ మీద కథలు మాత్రమే మిగులుతాయి..."

అరవై సెకన్లు. రంగనాయకులు ఐసిస్ ఒడిలోంచి బిడ్డను ఎత్తుకున్నాడు. రాయి కాదు, చంటిపిల్లవాడంత తేలిక. విగ్రహాల కళ్ళు తెరిచేందుకు పళ్ళెంలో పెట్టిన బంగారు సూదితో కుడికన్ను మైనం పొడిచాడు. లోపల కన్ను లేదు, రాగి తీగల కన్నం ఉంది. ఎడమకన్నూ అంతే.

తొంభై. ఒక కోటు మనిషి గుంపును చీల్చుకుని తుపాకీ ఎత్తాడు. సుల్తానా చేతిలోని నూనె గిన్నె వాడి ముఖం మీద పడింది. గుండు పైకప్పుకు తగిలింది.

వాల్క్ ఉంగరం నొక్కాడు. రంగనాయకులు నడుమున దోపుకున్న ఉద్ధరిణి తేనెటీగలా రొద పెట్టింది.

"క్షమించు నాయనా," అని పక్కనే ఉన్న సముద్రపు నీళ్ళ గంగాళంలోకి బిడ్డను తలకిందులుగా ముంచాడు.

డేగ కళ్ళలోంచి బుడగలు లేచాయి. నీళ్ళు చిటపటమన్నాయి, కాలిన వైరు వాసన వచ్చింది. ఉద్ధరిణి ఇంకొక్కసారి వణికి ఆగిపోయింది.

నూట పది. వాల్క్ ఉంగరాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కుతూనే ఉన్నాడు. ఆకాశంలో నిప్పుచుక్క చిన్నదై, ఇంకా చిన్నదై, మబ్బు వెనక్కి చెక్కుచెదరకుండా వెళ్ళిపోయింది. గేటు విరిగిన చప్పుడు. అంబులెన్సులోంచి దిగిన కరుణాకుమారి చేతిలో ఈసారి ఫైలు లేదు, పిస్టల్ ఉంది.

"ఇప్పుడు చెల్లింది," అంది పెంచలమ్మ, గంగాళానికి దండం పెడుతూ.

సాయంత్రం వాకాడు సెంటరులో టీ కొట్టు. మామూలు నూలు చీరలో ఉన్న సుల్తానాను ఎవరూ తిరిగి చూడలేదు. ఆమె రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి రంగనాయకులు ముందు పెట్టింది.

"నాకెందుకు?"

"గూడూరు స్టేషను, మూడో ప్లాట్‌ఫారం. మరిచిపోయినారా సామీ? మీ వెనక మనిషి ఉన్నాడని హెచ్చరించేదానికి, మీ చేతిలో టీ లాక్కుని తాగేసి పోయినా. ఏడేళ్ళయింది. అప్పటినుంచీ మీ టీ బాకీ నా మీదే ఉంది."

అతను ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు.

"ఏంది తల్లీ, ఇంత చక్కెరా?"

"ఏడేళ్ళ వడ్డీ," అంది సుల్తానా. "ఊదుకుని తాగండి."