మిల్లు సైటు ముందు ఆగినవాళ్లు

తలుపు తీయగానే, జుట్టులోంచి నీళ్లు కారుతూ నిలబడ్డ అబ్బాయి నమస్కారమైనా పెట్టకుండా, "మీ సైట్ చాలా స్లోగా ఉందండీ" అన్నాడు.

బయట వాన సూర్యాపేట వీధులన్నీ కడిగేస్తోంది. నా మనవరాలు హిమజ ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తి చూసింది. ఆ చూపుకి ఇంకొకడైతే తిరిగి వానలోకే పోయేవాడు.

"ఎవరు నువ్వు?"

"కార్తీక్. కోదాడ నుంచి వచ్చా. సైట్లలో లోపాలు వెతికే పని నాది. మీది చూడమని జగదీష్ గారు పంపారు."

జగదీష్‌ది మిర్యాలగూడలో రైస్ మిల్లు. రైతులు వడ్లు తెచ్చి గేటు బయట పడిగాపులు పడకుండా, ముందే ఫోన్‌లో టోకెన్ తీసుకునేలా హిమజ ఆ మిల్లుకు సైటు చేసింది. చదువయ్యాక తనకు దొరికిన మొదటి పెద్ద పని అది. నిలబడితే ఇంకో నాలుగు మిల్లులు వస్తాయి. లేకపోతే ఈ ముందుగది ఆఫీసు మూసేసి, హైదరాబాద్‌లో ఏదో ఉద్యోగానికి పోవాల్సిందే. తీరా చూస్తే రైతులు టోకెన్లే తీసుకోవడం లేదు. సైటు తీసేయిస్తానని జగదీష్ అప్పటికే ఫోన్‌లో అనేశాడు.

"స్లోనా? సూడు!" హిమజ ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పి నొక్కింది. నొక్కిందో లేదో పేజీ వచ్చేసింది. "కండ్లు కనవడుతున్నయా?"

"మీకు వైఫై ఉంది, ల్యాప్‌టాప్ కొత్తది. కానీ టోకెన్ తీసుకునేది మీరు కాదు కదండీ."

"అమ్మమ్మా, ఈయనకు టవలియ్యి. నీళ్లు మెదడు దాక పోయినట్టున్నయ్."

టవలూ ఇచ్చాను, చాయ్ కూడా ఇచ్చాను. తిట్టినా నవ్వుతాడే ఈ పిల్లాడు! ఎదుటివాడికి కోపం రాకపోతే నా మనవరాలికి మరీ కోపం.

"ప్రతి ఫోన్‌లో పేజీ ఎంతసేపటికి కనిపిస్తుందో కొలిచే కోడు మీరే పెట్టారు. ఎప్పుడన్నా తెరిచి చూశారా?" అన్నాడు.

హిమజ తన ల్యాప్‌టాప్ మూత దించేసింది.

అతను తన ల్యాప్‌టాప్ తెరిచాడు. "ఇది ఏఐ ఏజెంట్ అమ్మమ్మగారూ. పని చెప్తే తనే వెళ్లి వివరాలు తెచ్చుకుంటుంది, చూసి సంగతి చెప్తుంది" అంటూ తెలుగులోనే అడిగాడు: ఈ సైటు కోసం ఎక్కువసేపు ఆగుతున్నది ఎవరు?

నేను కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి జరిగాను. అది చేస్తున్న పనంతా ఒక్కో వరుసా తెర మీద పడుతోంది. వివరాలు తెస్తున్నాను అంది. పాత ఫోన్లను వేరు చేస్తున్నాను అంది. చివరికి జవాబు: హాలియా, పాలకీడు వైపు పాత ఫోన్లవాళ్లు చాలాసేపు ఆగుతున్నారు. ఎక్కువమంది విసిగి, పేజీ కనబడకముందే వెళ్లిపోతున్నారు. కారణం, పైన ఉన్న ఫోటో బరువు, అంటే దాని ఫైలు సైజు.

ఆ వరుస మళ్లీ చదివాను. ఎక్కడో పొలం గట్టు మీద ఎవరో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. అతని పేరు ఇందులో లేదు, ముఖం లేదు. అతను ఎదురుచూసిన సేపు మాత్రం పోకుండా మా ఇంటిదాకా వచ్చింది! నేను బస్సుల కోసం, దవాఖానల్లో పిలుపు కోసం ఎంత ఎదురుచూశానో. దాన్ని ఎవరన్నా పట్టించుకున్నారా?

"ఏం ఫోటో బిడ్డా అది?" అన్నాను.

"జగదీష్ సార్ వాళ్ల నాయినది." హిమజ ఫోటో తెరిచి చూపించింది. "దండేసిన ఫోటో. మిల్లు గేటుకు కట్టిన ఫ్లెక్సీది ఉన్నదున్నట్టు పెట్టిన. పెద్దమనిషిని చిన్నగ జేసుడు ఏం మర్యాద అనుకున్న."

అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మంచి మర్యాదేనండీ. ఫోన్ మోయలేకపోయింది, అంతే" అన్నాడు. హిమజ అతన్ని అప్పుడు చూసిన చూపు వేరు.

మర్నాడు ముగ్గురం మిర్యాలగూడ వెళ్లాం. ఆ వింత మళ్లీ చూడాలని నేనే వెంటపడ్డాను.

"మా నాయిన ఫోటో తగ్గిస్తరా?" జగదీష్ లేచి నిలబడ్డాడు. "ఆయన లేకుంటే ఈ మిల్లేడిది?"

"సార్, పెద్దసారు ఫోటోను ఎంతమంది సూసిన్రో మీరే అడుగుండ్రి" అంది హిమజ.

కార్తీక్ ల్యాప్‌టాప్ ముందుకు జరిపితే జగదీష్ అడిగాడు. చాలామంది ఫోటో పూర్తిగా రాకముందే పేజీ మూసేశారని ఏజెంట్ చెప్పింది. ఆయన మెల్లగా కూర్చున్నాడు.

"అంటే మా నాయినను ఎవ్వరు సూస్తనే లేరా?"

"ఫోటో గట్లనే కనవడ్తది సార్. బరువొక్కటే తగ్గుతది."

"జర జల్దీ చెయ్యి బిడ్డా. కోతలయ్యేదాక సూస్త."

పని అక్కడే అయిపోయింది, ఫలితం మాత్రం అప్పుడే రాలేదు. రైతులు నిజంగా సైటు తెరవాలట, వాళ్ల ఫోన్ల నుంచి కబుర్లు రావాలట. ఆ కబుర్లు చూసే వంకతో కార్తీక్ కోదాడ బస్సెక్కి మాటిమాటికీ వచ్చేవాడు. ఇద్దరూ తెర ముందు తలలు దగ్గరపెట్టి పోట్లాడుకునేవాళ్లు. పోట్లాటల మధ్య నవ్వులు ఎక్కువయ్యాయి.

కోతలు సగమయ్యాక, తుంపర పడుతున్న ఓ సాయంత్రం ఏజెంట్ చెప్పింది: హాలియా వైపు పాత ఫోన్లలో కూడా పేజీ వెంటనే కనిపిస్తోంది. టోకెన్లు పెరిగాయి. ఎక్కడెక్కడి మనుషులో, మాకు తెలియకుండానే సంతోషంగా తలూపినట్టు అనిపించింది నాకు. కాసేపటికే జగదీష్ ఫోన్. "పక్క మిల్లోళ్లు నీ నంబరు అడుగుతున్నరు బిడ్డా, ఇయ్యమంటవా?"

ఫోన్ పెట్టేసి హిమజ, "ఇగ పని ఖతం" అంది. సంతోషంగా అనాల్సిన మాట, అలా అనలేదు.

"అవునండీ."

"ఈ లెక్కలు నీ ఫోన్లనే సూడొచ్చుగద. గింత దూరం ఎందుకొచ్చినవ్ మరి?"

అతను ఖాళీ చాయ్ గ్లాసు ఎత్తి తాగబోయాడు. హిమజ ఊరుకుంటుందా! అదే ప్రశ్న ఏజెంట్‌ను అడిగేసింది. అది అంది: ఆ కారణం నాకు అందిన వివరాల్లో లేదు. ఆయన్నే అడగండి.

అంతమంది ఓపిక కొలిచిన దానికి, ఎదురుగా కూర్చున్నవాడి మనసు అందలేదు చూశారా!

"లెక్కలు ఫోన్లో కనిపిస్తాయి" అన్నాడు కార్తీక్. "నువ్వు కనిపించవు కదా."

"అండీ ఏమైంది?"

"బస్సులో మర్చిపోయొచ్చా."

నేనిక ఆగలేదు. "మీ అమ్మానాయినను తోలుకరా బిడ్డా. నా బిడ్డకు, అల్లునికి నేను జెప్త."

"నేనింక ఒప్పుకోనే లేదే అమ్మమ్మా!"

"ఎంతసేపు ఆగాలి?" అన్నాడు అతను.

"నువ్వే కొలుసుకో" అని హిమజ, నవ్వు చున్నీ చాటున దాచుకుంటూ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.