కృపానందం ఊపిరి

యంత్రం ఊపిరి పీల్చుకుంది.

పెట్టెలోని తోలు తిత్తి మెల్లగా ఉబ్బింది. రబ్బరు పెదవులు క్లారినెట్‌ను పట్టుకున్నాయి. సన్నటి ఉక్కు వేళ్ళు రంధ్రాల మీద సర్దుకున్నాయి. తర్వాత వచ్చిన స్వరం వినగానే డ్రమ్ముల వెనక కూర్చున్న నస్రీన్ చేతిలోంచి ఒక పుల్ల జారి కింద పడింది.

"ఆయనే," అంది.

విశాఖపట్నంలో, పెదవాల్తేరు దగ్గర ఒక ప్రాక్టీసు గది అది. పియానో వాయించే చారుమతి, నిలువెత్తు తీగల వాయిద్యం డబుల్ బేస్ వాయించే విల్‌ఫ్రెడ్, నస్రీన్ కలిసి పదిహేనేళ్ళుగా జాజ్ వాయిస్తున్నారు. ముగ్గురి జట్టే అయినా పెద్ద కచేరీలకి నాలుగో మనిషిగా కృపానందం వచ్చేవాడు. అనకాపల్లిలో పెళ్ళి బ్యాండు మేళంలో క్లారినెట్ నేర్చుకున్న మనిషి. ఒక్క ఊపిరితో పదకొండు సెకన్లపాటు తెగకుండా వాయించేవాడు. అతను పోయి నాలుగేళ్ళయింది.

యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ భానోజీ వాళ్ళకి ముందే వివరంగా చెప్పాడు.

"ఇది పాత రికార్డింగు వేసే పెట్టె కాదండీ. జాజ్‌లో పాట సగమే రాసి ఉంటుంది కదా, మిగతా సగం పక్కవాళ్ళు వాయించింది విని అప్పటికప్పుడు అల్లుకోవాలి. మీ పదకొండేళ్ళ రిహార్సల్ రికార్డింగులన్నీ తేదీల వరసలో దీనికి వినిపించాను. మీరు ఇలా వాయిస్తే ఆయన ఏం వాయించేవారో అది నేర్చుకుంది. ఇప్పుడు మీతో వాయించే ప్రతి రిహార్సల్ నుంచీ ఇంకా నేర్చుకుంటుంది."

నెలరోజుల్లో కచేరీ. పోస్టర్ల మీద 'అతిథి: కృపానందం' అని వేశారు.

మొదటి వారం ముగ్గురూ పండగ చేసుకున్నారు. చారుమతి ఏదైనా చిలిపి స్వరం వేస్తే క్లారినెట్ వెంటనే అందుకుని వెక్కిరించేది. రెండో వారం పొడుగు పాటలు ఎత్తుకునేసరికి తేడా తెలిసింది. పొడుగ్గా సాగాల్సిన చోట అది మధ్యలో ఆగుతోంది. మూడోసారీ అలాగే ఆగేసరికి చారుమతి రెండు చేతులతో పియానో మీద కొట్టింది.

"సగంలో వదిలేస్తావేంటి కృపా! మనసు లేకపోతే రావడం మానెయ్!"

అన్నాక తానే నిశ్చేష్టురాలైంది. కృపానందం ఆఖరుసారి ఈ గదిలోకి వచ్చినప్పుడు ఆమె అతన్ని అన్న మాటలు సరిగ్గా అవే. అతను క్లారినెట్ విప్పి, ముక్కలు ఒక్కొక్కటే తుడుచుకుని, పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మూడు నెలలకి చావు కబురొచ్చింది. గుండె ఆగిందని విన్నారు.

భానోజీ తిత్తిని విప్పి చూశాడు. ఎక్కడా చిల్లు లేదు. మర్నాడు ఒక గ్రాఫు తెచ్చి బల్ల మీద పరిచాడు.

"తప్పు యంత్రంలో లేదు మేడం. ఆఖరి పద్నాలుగు నెలల రికార్డింగులు చూడండి. ఆయన ఊపిరి పదకొండు సెకన్ల నుంచి ఏడుకి, ఏడు నుంచి నాలుగుకి పడింది. తగ్గడం కూడా ఆయన స్వభావమే అనుకుని ఇది నేర్చుకుంది. దీనికి చావంటే తెలీదు. తగ్గుతూ వచ్చింది కాబట్టి ఇంకా తగ్గాలనుకుంటోంది."

చారుమతి గ్రాఫు వైపు చూడలేదు. విల్‌ఫ్రెడ్ వైపు చూసింది. అతను బేస్‌ను గోడకి ఆనించి తల వంచుకున్నాడు.

"నీకు తెలుసు," అంది ఆమె.

"ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు చారూ. ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళేవాణ్ణి. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

"ఎందుకు?"

"చెబితే నువ్వు పాటలు కురచ చేసి రాస్తావని. ఓసారి నేను వాడికి ఊపిరి అందాలని బేస్ కొంచెం నెమ్మది చేశాను. అంతే, నోట్లోంచి క్లారినెట్ తీసేశాడు. ఆ తర్వాత నేను నెమ్మదించిన రెండు మూడుసార్లూ అలాగే చేశాడు. నీకు గుర్తుండే ఉంటుంది, బద్ధకం అని తిట్టావు."

ఆమెకి గుర్తుంది.

భానోజీ ఒక ఉపాయం చెప్పాడు. ఆ పద్నాలుగు నెలలూ తీసేస్తే యంత్రం ఆరోగ్యంగా ఉన్నప్పటి కృపానందంలా వాయిస్తుంది. సరేనన్నారు. మర్నాడు క్లారినెట్ గది అదిరిపోయేలా పలికింది. పదకొండు సెకన్లు, పన్నెండు సెకన్లు. నస్రీన్ ఆనందం పట్టలేక నవ్వేసింది. చారుమతి మాత్రం పాట సగంలో చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమైందక్కా?"

"ఈయన నాతో ఇంకా పోట్లాడలేదు," అంది చారుమతి. "నేనేం అన్నానో ఈయనకి తెలీదు. ఈయనతో నేనేం చెప్పుకోను? ఆ జబ్బు మనిషినే తెచ్చిపెట్టండి డాక్టరుగారూ."

కచేరీ సాయంత్రం ఆరింటికి, సముద్రం ఎదురుగా ఉన్న హాల్లో. అప్పటికి యంత్రం ఊపిరి మూడు సెకన్లకి దిగింది. చారుమతి దానికోసం కొత్త పాట కట్టింది. చిన్న చిన్న ముక్కలు, ముక్కకీ ముక్కకీ మధ్య విశ్రాంతి. ఎవరికీ వినిపించకుండా దాచి, సరాసరి వేదిక మీదే మొదలుపెట్టింది.

క్లారినెట్ పలకలేదు.

తిత్తి నిండింది, అలాగే నిలిచింది. ఆమె మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకా నెమ్మదిగా, ఇంకా మెత్తగా వాయించింది. ఊహూఁ. జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

ఆ నిశ్శబ్దాన్ని చారుమతి ఎరుగును. అది యంత్రం చెడిపోయిన నిశ్శబ్దం కాదు, తనకోసం పాట తగ్గిస్తే ఒప్పుకోని కృపానందం పంతం. ఆమెకి ఒక్కసారిగా ఒళ్ళు మండింది. చచ్చిపోతున్నానని నాతో చెప్పకుండా వెళ్ళిపోయిందీ కాక, ఇప్పుడు నలుగురిలో అలుగుతావా అనుకుంది. కొత్త పాట వదిలేసి, అందరికంటే కృపానందమే ఇష్టపడే పాత పాట అందుకుంది, ఎక్కడా ఆగని వేగంతో.

క్లారినెట్ దూకింది. పొడుగాటి వరస ఎత్తుకుంది, మూడో సెకనులో తెగింది. ఆమె ఆగలేదు. అది మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ తెగింది. నాలుగోసారి ఎక్కడి నుంచి తెచ్చుకుందో గాని చివరిదాకా లాగింది. ఆఖరి చోట స్వరం రాలేదు, గొట్టంలోంచి గాలి ఒక్కటే వచ్చింది. తిత్తి ముడుచుకుని మరి లేవలేదు.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. విల్‌ఫ్రెడ్ ఏడుస్తున్నాడు. చారుమతి యంత్రం వైపు తిరిగి చూడకుండా దిగిపోయింది.

కబురు ఊళ్ళూ దాటింది. హైదరాబాదు, చెన్నై, కొచ్చిన్ పిలిచాయి. చారుమతి రానంది. భానోజీ యంత్రాన్ని కచేరీ ముందరి స్థితికి తిప్పి, మంచి మంచి పియానో కళాకారులతో పంపాడు. ఒక్క ఊళ్ళోనూ అది పలకలేదు. పలికించాలని పాట వేగం పెంచినా లాభం లేకపోయింది. ఆర్నెల్ల తర్వాత అతను చారుమతి ఇంటికి వచ్చాడు.

"వాళ్ళ రికార్డింగులు కొలిచాను మేడం. ఎంత వేగంగా వాయించినా, ఆయనకి ఊపిరి ఆడని చోటు రాగానే వాళ్ళ చేతులు వెంట్రుకవాసి తగ్గుతున్నాయి. కథ అందరికీ తెలుసు కదా, జాలి. సెకనులో యాభయ్యో వంతు. అది చాలు, ఆయన కనిపెట్టేస్తున్నారు. జాలి లేకుండా వాయించింది మీరొక్కరే."

చారుమతి చెప్పులు వేసుకుని అతనితో ప్రయోగశాలకి వెళ్ళింది.

పియానో దగ్గర కూర్చుని ఆ పాత పాటే అందుకుంది. కోపం తెచ్చుకోవాలని చూసింది. కచేరీ సాయంత్రమే ఆ కోపమంతా అయిపోయింది, ఎంత వెతికినా చిక్కలేదు. క్లారినెట్ అందుకోవాల్సిన చోటు దగ్గరపడింది. తిత్తి నిండింది. ఆమె వేళ్ళు, ఆమె ప్రమేయం లేకుండానే, ఒక్క రవ్వంత నెమ్మదించాయి.