చివరి గదిలో తిరగబడ్డ బొమ్మ

"మీ బొమ్మ తిరగబడింది."

ఆ అమ్మాయి నాతో అన్న మొట్టమొదటి మాట ఇది. నాకు ఒళ్ళు మండింది.

ఎందుకు మండదు? పాత గిడ్డంగిని ఎగ్జిబిషన్ హాలుగా మార్చి, గోడలకీ నేలకీ కలిపి పద్దెనిమిది ప్రొజెక్టర్లు బిగించింది నేను. ఒకదాని వెలుగు ఎక్కడ ఆగి రెండోదాని వెలుగు ఎక్కడ మొదలైందో కనిపెట్టమంటే ఇంజనీర్లు కూడా తెల్లమొహం వేస్తారు. ఎప్పుడో వందేళ్ళ కిందట పోయిన ఒక గొప్ప చిత్రకారుడి బొమ్మలు ఆ గోడల మీద మనిషికి మూడింతల ఎత్తున కదులుతుంటాయి. ఆయన వేసిన వాన మన పాదాల మీద పడుతుంది, ఆయన పడవలు మన నడుం పక్కనించి వెళ్తాయి. జనం నోరెళ్ళబెట్టి చూస్తారు. మావాళ్ళు నన్ను 'ఫోకస్' అని పిలిచేది ఊరికే కాదు.

అలాంటి నా దగ్గరికొచ్చి బొమ్మ తిరగబడిందంటుందా?

"ఏ బొమ్మండీ?" అన్నాను, ఉన్న మర్యాదంతా కూడగట్టుకుని.

"చివరి చిన్న గదిలోది. కిటికీ దగ్గర కూర్చుని కుట్టుకుంటున్న ఆవిడ. ఆవిడ ఎడం చేత్తో కుడుతుంది. మీ గోడ మీద కుడి చేత్తో కుడుతోంది."

చక్కని కళ్ళు. ఆ కళ్ళనిండా కోపం. చేతి అంచుకి నాలుగైదు రంగుల దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. ఆమె పక్కన వాళ్ళమ్మ నిలబడి ఉంది. ఆవిడకి మాత్రం కోపమేమీ లేదు. పందెం గెలిచిన మనిషిలా తాపీగా కళ్ళజోడు తుడుచుకుంటోంది.

బొమ్మలన్నీ మ్యూజియం వాళ్ళే స్కాన్ చేసి పంపారనీ, చుక్క కూడా తేడా రాదనీ చెప్పాను. ఆమె వినలేదు. ఆమె చెప్పింది నేనూ వినలేదు. నా కుందేలుకి మూడే కాళ్ళు, ఆమె కుందేలుకీ మూడే కాళ్ళు. చుట్టూ జనం పోగవుతుంటే కంగారుపడి, "మీరు అటువైపు నించుని చూసుంటారు, ఇటునించి చూడండి" అనేశాను. గోడ మీది బొమ్మని ఎటునించి చూస్తే మాత్రం చెయ్యి మారుతుందా? ఆ సంగతి నాకు అన్న తర్వాత తట్టింది.

ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"మీరు ఆ బొమ్మని ఎప్పుడైనా చూశారా?" అని మాత్రం అడిగి, వాళ్ళమ్మ వెంట వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న కంట్లో నలుసులా పట్టుకుంది. రోజుకి పదిసార్లు ఆ గదిలోకి వెళ్తాను. అంచులు తిన్నగా ఉన్నాయా, వెలుగు సరిపోయిందా, ఫ్యాను చప్పుడు చేస్తోందా అని చూస్తాను. బొమ్మలో ఉన్నావిడ ఏ చేత్తో ఏం చేస్తోందో ఒక్కసారి చూసిన పాపాన పోలేదు.

మధ్యాహ్నం విరామంలో మ్యూజియం వాళ్ళిచ్చిన పుస్తకం తీసుకుని ఆ గదిలోకి వెళ్ళాను. పుస్తకంలో ఎడం చెయ్యి. గోడ మీద కుడి చెయ్యి.

నిచ్చెనెక్కి చూస్తే విషయం బోధపడింది. పన్నెండు రోజుల కిందట ఆ గదిలో ప్రొజెక్టరు పాడైతే, దాని స్థానంలో స్పేరుది తగిలించాను. ఆ స్పేరుది అంతకుముందు వేరే ఊళ్ళో తెర వెనకనించి బొమ్మ వెయ్యడానికి వాడాం. వెనకనించి వేసేటప్పుడు ముందున్నవాళ్ళకి సరిగ్గా కనపడాలంటే బొమ్మని తిప్పి వెయ్యాలి. ఇక్కడ ముందునించి వేస్తున్నా ఆ సెట్టింగు మార్చడం మర్చిపోయాను. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసి రెండు మీటలు నొక్కాను. సూది ఎడం చేతిలోకి మారింది. పన్నెండు రోజులు, వేలమంది జనం. ఒక్కరంటే ఒక్కరికి తెలిసింది.

ఆ ఒక్కరూ వెళ్తూ వెళ్తూ సూచనల పుస్తకంలో రాసి మరీ వెళ్ళారు. 'చివరి గదిలో బొమ్మ తిరగబడింది. మీ ప్రొజెక్టరాయనకి చెవులు కూడా తిరగబడ్డట్టున్నాయి.' కింద టైలరింగ్ షాపు ఫోన్ నంబరు.

ఫోన్ చేసి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. సంతోషిస్తుందనుకున్నాను.

"ఇప్పుడు చెప్పి ఏం లాభమండీ? మీ పుణ్యమా అని నేను పందెం ఓడిపోయాను" అంది.

పందెమేమిటో అప్పుడు చెప్పింది. షాపు వాళ్ళమ్మది. బట్ట కత్తిరించేది అమ్మ, కుట్టేది కూతురు. కూతురిది ఎడంచేతి వాటం. అందుకని మిషను దగ్గర కూర్చోనిస్తుంది గానీ కత్తెర ముట్టుకోనివ్వదు. 'కుట్టు తప్పితే విప్పొచ్చు, కోత తప్పితే అతకలేం' అని ఆవిడ సిద్ధాంతం. అమ్మాయి తన మిషను మీద ఒక పాత క్యాలెండరు బొమ్మ అంటించుకుంది. అదే, కిటికీ దగ్గర కుట్టుకుంటున్నావిడ. ఎడం చేత్తో అంత గొప్పగా కుడుతుంటే అంత గొప్ప చిత్రకారుడు బొమ్మ వేశాడు కదా, నేను కత్తెర పట్టుకుంటే తప్పేమిటని పోరేది. అది అచ్చుతప్పు అనేది వాళ్ళమ్మ. ఫోనులో చూపిస్తే, ఫోనులో నా మొహమే తిరగబడి కనపడుతుంది, దాన్ని నమ్మమంటావా అనేది. చివరికి ఎగ్జిబిషన్‌లో చూసి తేల్చుకుందామనుకున్నారు. ఎడం చెయ్యయితే కోత బల్ల అమ్మాయిది. కుడి చెయ్యయితే జన్మలో ఆ మాట ఎత్తకూడదు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అన్నాను.

"రేపు మా షాపుకొచ్చి, తప్పు మీదని మా అమ్మకి చెప్పండి" అంది. ఆమె గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేదనిపించింది.

మర్నాడు వానలో తడుస్తూ వెళ్ళాను. మూడు మిషన్లు పట్టే షాపు. నడుమ నునుపుదేలిన పొడుగాటి కోత బల్ల, దాని వెనక వాళ్ళమ్మ. నేను చెప్పిందంతా ఆవిడ సుద్దముక్కతో బట్ట మీద గీతలు గీస్తూనే విన్నది.

"అయితే బాబూ, రెండు మీటలు నొక్కితే బొమ్మ అటుదిటు అవుతుందంటావు."

"అవునండీ."

"మరి మా అమ్మాయి కోసం నువ్వు నొక్కలేదని నమ్మకమేమిటి?"

మిషను దగ్గరనించి ఆమె తలెత్తి చూసింది. అంతవరకూ ఆ ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. ఆవిడ మాత్రం నా తడిసిన చొక్కాని, వాళ్ళమ్మాయి మొహాన్ని మార్చి మార్చి చూసి, నిన్న గొడవపడ్డ మనిషి ఇవాళ వానలో పనిమాలా వచ్చాడంటే అనుమానించక ఏం చెయ్యమంటావని అడిగింది. అంతలో ఇంకో ప్రశ్న వేసింది.

"మీ మేనేజరుకి చెప్పావా?"

చెప్పలేదు. ఎవరూ చూడలేదు కదా అని ఊరుకున్నాను.

"ముందు ఆయనకి చెప్పు. తర్వాత నాకు చెబుదువుగాని."

చెప్పాను. మేనేజరు పావుగంట చీవాట్లు పెట్టి, ఇకమీదట రోజూ గంట ముందు వచ్చి ప్రతి బొమ్మనీ పుస్తకంతో పోల్చి సంతకం పెట్టమన్నాడు. శిక్షే, కానీ ఆ శిక్ష పుణ్యాన నేను మొదటిసారి బొమ్మలు చూడడం మొదలుపెట్టాను. పడవలో ఒకాయన నిద్రపోతున్నాడనీ, వానలో గొడుగు కింద ఉన్నది ఒకరు కాదు ఇద్దరనీ నెలరోజులుగా నాకు తెలియనే తెలియదు.

ఆ సంగతులన్నీ చెప్పుకోవడానికి నాకు ఒకే మనిషి కనపడింది. ఆ వారంలో నా ప్యాంటు పొడుగైపోయింది, జేబు చిరిగిపోయింది, గుండీ ఊడిపోయింది. మూడోసారి వెళ్ళినప్పుడు ఆమె గుండీ చూసి, "ఇది ఊడలేదు, తెంపారు" అంది.

"మీకెలా తెలుసు?"

"ఊడిన దారం పీచులా ఉంటుంది. ఇది బ్లేడుతో కోసినట్టుంది. పన్నెండు రోజుల తప్పు పట్టినదాన్ని, ఇది పట్టలేనా?"

దొరికిపోయాను. అయినా సిగ్గుపడలేదు. ఆమె నవ్వు అంత దగ్గరగా చూడడం అదే మొదలు, సిగ్గుపడే తీరిక ఎక్కడిది? ఆమె గుండీ కుడుతుంటే ఆ ఎడం చేతినే చూస్తూ కూర్చున్నాను. ఇంత తిన్నగా కుట్టే చేతికి కత్తెర ఇవ్వకపోవడం అన్యాయమన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. ఆరేళ్ళుగా ఆ బల్లకి ఇటుపక్కనే ఉన్నాననీ, ఎడంచేతి వాళ్ళ కోసం చేసిన కత్తెర తెప్పించుకుని మిగిలిపోయిన గుడ్డపీలికల మీద ఎవరూ లేనప్పుడు నేర్చుకున్నాననీ చెప్పింది.

"అమ్మ ఒక్కసారి కత్తిరించనిస్తే చాలు. తప్పితే నేనే మానేస్తాను" అంది.

షాపు సెలవు రోజున తల్లీకూతుళ్ళు ఎగ్జిబిషన్‌కి మళ్ళీ వచ్చారు. మేనేజరుకి చెప్పేశానని తెలిశాకే ఆవిడ రావడానికి ఒప్పుకుందట. వాళ్ళని పెద్ద హాల్లో ఆగనివ్వకుండా తిన్నగా చివరి గదికి తీసుకెళ్ళాను. బొమ్మలో ఆవిడ కిటికీ వెలుతురులో ఎడం చేత్తో సూది లాగుతోంది. వెనక ఆమె భర్త కాబోలు, కోటు వేసుకుని గుమ్మం దగ్గర నించున్నాడు.

వాళ్ళమ్మ చాలాసేపు చూసింది.

"కోటు" అంది ఆవిడ.

మా ఇద్దరికీ అర్థం కాలేదు.

"మగవాళ్ళ కోటుకి గుండీలు కుడిపక్కన, కాజాలు ఎడంపక్కన ఉంటాయి. ఆడవాళ్ళకైతే అటుదిటు. ఆ రోజు చూసినప్పుడు ఆ కోటుకి ఆడవాళ్ళ కోటులా ఉన్నాయి గుండీలు. ఇంత పేరున్న మనిషికి కుట్టుపని తెలియదే పాపం అనుకున్నాను." ఆవిడ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. "ఇవాళ సరిగ్గా ఉన్నాయి. బొమ్మ ఇదే అసలుది. అబ్బాయి నీకోసం తిప్పలేదే."

పన్నెండు రోజులూ ఆ మనిషి కోటు కూడా తిరగబడిందన్న సంగతి నాకే తట్టలేదు. అమ్మాయి వాళ్ళమ్మ భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది. ఆవిడ మాత్రం కూతురి వీపు నిమురుతూ, ఏడిస్తే కళ్ళు మసకేస్తాయి, రేపు కత్తెర పట్టుకోవాలి అంది.

మర్నాడు పనిలోకి వెళ్ళే ముందు షాపుకి రమ్మని వాళ్ళమ్మే కబురు చేసింది. వెళ్ళేసరికి బల్ల మీద లేతనీలం బట్ట పరిచి ఉంది.

"ఎవరి బట్టో పాడుచేస్తే మాటొస్తుంది. నీ చొక్కా అయితే నువ్వేమీ అనవు" అంది నాతో. కూతురి వైపు తిరిగి, "కొలతలు తీసుకో, కత్తిరించు" అంది.

ఆమె టేపు తీసుకుని నా భుజాలు కొలిచింది, చేతులు కొలిచింది. ఛాతీ కొలవడానికి టేపు చుట్టూ తిప్పి, అంకె చూసి, మళ్ళీ కొలిచి, ఇందాక ముప్ఫై ఎనిమిదొచ్చింది, ఇప్పుడు నలభై వస్తోందేమిటని విసుక్కుంది.

"ఊపిరి బిగబట్టకు బాబూ, చొక్కా వదులైపోతుంది" అంది వాళ్ళమ్మ, ఇటు తిరక్కుండానే.

"తనింత దగ్గరికొస్తే ఊపిరాడట్లేదండీ" అనేశాను.

మిషన్ల చప్పుడు లేని షాపులో ఆ మాట ఇద్దరికీ స్పష్టంగా వినపడింది. ఇక దాచి లాభం లేదని మిగతాది కూడా చెప్పేశాను. మీ అమ్మాయంటే నాకు ఇష్టమని, ఆమె నన్ను చెవులు తిరగబడ్డవాడని రాసినప్పటినించీ ఇష్టమని, పెళ్ళంటూ చేసుకుంటే ఆమెనేనని.

అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్ళింది. సుద్దతో గీతలు గీసింది. ఎడం చేత్తో కత్తెర అందుకుంది. ఇక ఆ గీత తప్ప ప్రపంచంలో ఆమెకి ఇంకేమీ లేనట్టుంది. వాళ్ళమ్మ కూడా నన్ను మర్చిపోయి కత్తెర వెంటే నడిచింది. భుజం వంపు దగ్గర ఒక్కసారి చెయ్యి చాపబోయి, తనే వెనక్కి తీసుకుంది. ఆ వంపు తిరిగేదాకా నేను కూడా నా సంగతి మర్చిపోయాను.

ముక్క విడివడింది. ఆవిడ దాన్ని వెలుతురుకి పట్టుకుని అంచంతా వేలితో తడిమి చూసింది.

"తిన్నగా ఉంది" అంది. ఆ తర్వాత నావైపు చూసింది. "ఇంత కోత కోసిన పిల్లకి తన సంగతి తను తేల్చుకోవడం రాదా? నాకేమీ అభ్యంతరం లేదు. అడిగేదేదో దాన్నే అడుగు."

లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"ఏమంటారు?" అని అడిగాను.

ఆమె రెండో ముక్క మొదలుపెట్టింది. "చొక్కా తయారయ్యాక చెబుదామనుకున్నాను."

"చొక్కా ఎప్పటికవుతుంది?"

కత్తెర ఆపలేదు, తలెత్తలేదు. చెవుల దాకా ఎర్రబడిన మొహంతో, "ఇవాళే" అంది.