నాలుగు వందల పదమూడు

"పదకొండింటికి సంతకం పడుతుంది. నీకున్నది రెండు గంటలే," అన్నాడు చీఫ్.

ఎదురుగా కూర్చున్న ఏజెంటును ఆఫీసులో అందరూ పిల్లి అంటారు. ఆస్తమా మనిషి. పరుగెత్తాడా, ఛాతీలోంచి పిల్లికూతలు మొదలు. అలాంటివాణ్ణి గూఢచారిగా ఎవరు పెట్టుకున్నారో ఆ దేవుడికే తెలియాలి!

"విదేశీ ముఠా. కొత్త ఇన్‌హేలర్. ట్రయల్లో ఆరు వందల మందికీ ఆస్తమా పూర్తిగా అదుపులో ఉందట. మందుల బోర్డు చైర్మన్ సంతకం పడితే రేపట్నుంచి ప్రతి ఆసుపత్రిలో అదే."

"మా అక్క ఆ ట్రయల్లోనే ఉంది చీఫ్. పాత మందు మాన్పించారు. నిన్న మెట్లెక్కలేక సగంలో కూలబడింది."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను. లోపల మన మనిషి ఉంది. కోడ్‌నేమ్ నెమలి. ముఠా కూడా ఆమె తమ మనిషే అనుకుంటోంది."

"నిజానికి ఎవరి మనిషి?"

"అదీ నువ్వే కనుక్కో."

పదింటికి పిల్లి, మీటర్లు సరిచూసే టెక్నీషియన్ వేషంలో, ట్రయల్ ఆఫీసు రికార్డు గదిలో ఉన్నాడు. జేబులో పెన్ను, పెన్నులో రికార్డరు. అలమర నిండా పేషెంట్ల డైరీలు. రోజూ పొద్దునా సాయంత్రమూ ఊపిరి జోరు కొలిచే పీక్ ఫ్లో మీటర్లో బలంగా ఊది, ముల్లు ఎక్కడ ఆగిందో అందులో రాయాలి. అక్క డైరీ తీశాడు. 413. 427. 419. అచ్చం అక్క రాతే. మెట్లెక్కలేని మనిషికి ఇంత ఊపిరా?

"కిటికీ వెయ్యనా?"

వెనక్కి తిరిగాడు. ముత్యాల చెవిపోగులు, ఎర్రటి లిప్‌స్టిక్, చేతిలో బుల్లి పిస్టల్. కానీ అడిగింది మాత్రం కోడ్ ప్రశ్నే.

"వద్దు, గాలి రానివ్వండి," అని కోడ్ జవాబిచ్చాడు.

నెమలి పిస్టల్ దించింది. "అసలు డైరీలు తగలబెట్టేశారు. ఇవి పేషెంట్ల చేతిరాత చూసి వాళ్ళు కూర్చుని రాసినవి. కానీ రుజువేదీ?"

పిల్లి సంచిలోంచి మీటరు తీసి ఊదాడు. ముల్లు 300కీ 310కీ మధ్య ఆగింది. గీతలు పదేసికి ఒకటే. ఊదినవాళ్ళెవరైనా దగ్గరి గీత చూసి రాస్తారు. 413 ఎక్కణ్ణుంచొస్తుంది?

"ఓరి వెధవల్లారా! మీటరు మొహం కూడా చూడలేదు వీళ్ళు!"

ఆ ఊదడానికీ, ఆ దుమ్ముకీ పిల్లికూతలు అందుకున్నాయి. బయట బూట్ల చప్పుడు ఆగింది.

"ఎవరది లోపల? ఆ కూతలేంటి?" ముఠా నాయకుడి గొంతు.

నెమలి తొణకలేదు. "పేషెంటు సార్. మన మందే వాడుతున్నాడు."

"మరి కూతలు రాక ఏమొస్తాయి? అందులో ఉన్నది ఉత్త పిండేగా!"

నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. పెన్ను అంతా వింది.

పది యాభై ఎనిమిది. సంతకం మీటింగు మందుల బోర్డు నాలుగో అంతస్తులో. లిఫ్టు పనిచెయ్యదు, ఇలాంటప్పుడే! పిల్లి రొప్పుతూ తలుపు తోసేసరికి చైర్మన్ పెన్ను కాగితానికి ఆనింది.

"ఆగండి! సార్, ఒక్కసారి ఇందులో ఊదండి."

చైర్మన్ బిత్తరపోయి ఊదాడు. "నాలుగు వందల పదీ, ఇరవై మధ్య."

"పదమూడని చెప్పగలరా?"

చైర్మన్ కళ్ళజోడు సవరించుకుని ముల్లు చూశాడు, పిల్లి ముందు పెట్టిన అక్క డైరీలో 413 చూశాడు, పెన్నుకి మూత పెట్టేశాడు. పిల్లి పెన్ను 'ఉత్త పిండేగా!' అని మాట్లాడగానే వెనక వరసలో ముఠా నాయకుడు లేవబోయాడు.

"కూర్చోండి సార్," అంది నెమలి, పిస్టల్ అతని పక్కటెముకలకి ఆనించి.

ఆమె ఎవరి మనిషో తేలిపోయింది. పిల్లి మెట్లమీద చతికిలబడి ఫోను తీశాడు.

"అక్కా, ఆ ఇన్‌హేలర్ అవతల పారెయ్. పాతది ఇప్పుడే వాడు. మీటర్లో ఎంతొస్తోంది?"

"బాగానే ఉన్నానురా."

"అంకె చెప్పవే!"

"...రెండు వందల నలభై."

"డాక్టర్ని పంపుతున్నా. కదలకు."

"సరేగానీ, నువ్వెందుకురా అలా రొప్పుతున్నావు? నీకెంతొచ్చిందివాళ?"

ముఠా మొత్తానికి మస్కా కొట్టిన పిల్లి, మీటరు మొహం చూడకుండా దాన్ని సంచిలో పడేశాడు.

"నాలుగు వందల పదమూడు," అన్నాడు.