ఇరవై మూడు వాచీలు

పట్టపగలు, జనం కిటకిటలాడే వీధిలో, వాచీలు బాగుచేసే ముసలాయన్ని కాల్చేశారు. కంటికి తగిలించుకున్న భూతద్దం అలాగే ఉంది. బల్ల మీద ఖాళీ వాచీ పెట్టె మిగిలింది.

మర్నాడు పొద్దున్నే బాస్ ఫైలు తెరిచాడు.

“మైక్రోఫిల్మ్. సరిహద్దు అవతల ఉన్న మన ఏజెంట్ల పేర్లు, పదకొండు. ముసలాయన చేత ఓ వాచీలో పెట్టించి, ఆయన నోరు మూయించారు. మొదటి పేరు మాస్టారిది.”

మేకు ఫైలు తనవైపు లాక్కున్నాడు. ఒకచోట దిగితే ఊడిరాడని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది. తుపాకీ పట్టుకోవడం దగ్గర్నుంచి నిద్రలో కూడా అబద్ధమాడడం దాకా అతనికి నేర్పింది ఆ మాస్టారే.

మిగతా సంగతి బాస్ రెండు ముక్కల్లో తేల్చాడు. ఓ హోటల్లో వాచీ కలెక్టర్ల సమావేశం. ఫిల్మ్ ఉన్న వాచీ అక్కడ ఎవరో ఒకరి చేతికి ఉంటుంది. సరిగ్గా పన్నెండింటికి వెనక గేటు దగ్గర విదేశీ ఎంబసీ కారు ఆగుతుంది. వాచీ అందులోకి ఎక్కిందా, ఇక ఎవరూ ఆపలేరు. శత్రు ముఠాలో రెండేళ్లుగా మన తరఫున ఉంటున్న నెమలి కూడా అక్కడికి కలెక్టర్ వేషంలోనే వస్తోంది. ఆమె సాయం తీసుకోమన్నాడు.

మేకు గడ్డం అతికించుకుని, కస్టమ్స్ వాళ్లు ఎప్పుడో పట్టుకున్న వాచీ ఒకటి చేతికి కట్టుకుని, పదకొండున్నరకి హాల్లో అడుగుపెట్టాడు. లోపల ఇరవై మూడు మంది, ఇరవై మూడు వాచీలు. లీపు సంవత్సరాలతో సహా వందేళ్ల తేదీలు తనంతట తనే చూపించేవి, బొత్తాం నొక్కితే గంటలూ నిమిషాలూ మోగించేవి. ఒక్కోటి ఓ మేడ ఖరీదు. కట్టుకున్న వాళ్లు మోచేతులు గాల్లో పెట్టుకుని, పురిటి పిల్లల్ని మోస్తున్నంత భద్రంగా తిరుగుతున్నారు. తమ పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారో చెప్పలేని పెద్దమనుషులు వాచీలో ఎన్ని పళ్లచక్రాలున్నాయో గడగడా అప్పజెబుతున్నారు. మేకుకి ఒళ్లు మండింది.

నెమలి నల్లటి పొడుగు చేతుల జాకెట్లో ఎదురొచ్చింది. అందం గురించి చెప్పాల్సిన పని లేదు, ఆమె నడుస్తుంటే సగం మంది వాచీల మీంచి చూపు తిప్పారు. ఆ హాల్లో అంతకన్నా పెద్ద మెప్పు ఉండదు.

“మీది నెలకి ఎంత తేడా చూపిస్తుంది?” అంది.

“మూడు సెకన్లు. అదీ వానాకాలంలో.”

కోడ్ కుదిరింది. ఫిల్మ్ సంఘం అధ్యక్షుడి వాచీలోనే ఉందని ఆమె గొంతు తగ్గించి చెప్పింది. అధ్యక్షుడు బొద్దుగా, జేబులో మఖ్‌మల్ గుడ్డతో, పదడుగుల దూరంలో ఉన్నాడు. మేకు అతని మణికట్టు చూశాడు. వాచీ నాలుగూ ఇరవై చూపిస్తోంది. పక్కాయనది ఎనిమిదిన్నర. ఇంకొకాయన వాచీలో ఇవాళ ఫిబ్రవరి ఇరవై తొమ్మిది. కీ ఇస్తే చక్రాలు అరుగుతాయట, ముళ్లు తిప్పితే బొత్తాం అరుగుతుందట. అందుకని ఎవరూ ఏదీ ముట్టుకోరు.

మేకు చేతిదీ ఆగిపోయిన వాచీయే. అతనికి పన్నెండు ఎక్కడ దాటిపోతుందోనని కంగారు పుట్టింది.

“టైమెంతయిందండీ?” అన్నాడు పైకే.

చుట్టూ ఉన్న అయిదారుగురు పెద్దమనుషులు ఒక్కసారిగా జేబుల్లోంచి ఫోన్లు తీశారు.

నెమలి ఒక్కతే జాకెట్ చెయ్యి పైకి లాగి మణికట్టు చూసుకుంది. “పదకొండు యాభై ఆరు.”

ఫోన్లలోనూ అదే. మేకు ఆమె మణికట్టు వైపు చూశాడు. ఇంతమందిలో వాచీని సరిగ్గా టైముకి పెట్టుకున్నది ఈవిడొక్కతే. పన్నెండింటికి సరిగ్గా ఒకచోట ఉండాల్సిన మనిషికి తప్ప ఆ అవసరం ఇక్కడెవరికుంది? రెండేళ్లుగా ఆమె తిన్నది మన జీతం, కబుర్లు మోసింది అటు. అసహ్యమేసింది.

రెండు నిమిషాలాగి, ఫోన్ చేసుకోవాలంటూ ఆమె వెనక తలుపు వైపు నడిచింది. గుంపును తోసుకుంటూ వెళ్లి మేకు తలుపు దగ్గర ఆమె మణికట్టు పట్టుకునేసరికి నిమిషం కూడా మిగల్లేదు. బయట కారు ఇంజన్ వినిపిస్తోంది. అతని పక్కటెముకల కింద లిప్‌స్టిక్ గొట్టం ఒకటి గుచ్చుకుంది.

“ఒకటే గుండు. నీకు చాలు. వదులు,” అంది నెమలి.

అతను వదల్లేదు.

“అయ్యయ్యో, వాచీ అద్దం మీద వేలిముద్రలు పడతాయండీ!” అంటూ అధ్యక్షుడు మఖ్‌మల్ గుడ్డ పట్టుకుని ఇద్దరి మధ్యా జొరబడ్డాడు. ఆమె చెయ్యి ఎగిరింది. గుండు పైకప్పులో దిగింది. మేకు రెండో చేత్తో సంకెళ్లు బిగించాడు. బయట కారు పన్నెండు కొట్టగానే ఖాళీగా కదిలిపోయింది.

మేకు చాకుతో ఆమె వాచీ వెనక మూత పెకిలించి ఫిల్మ్ తీశాడు. గుండు పేలితే కిక్కురుమనని ఇరవై రెండు మందీ అప్పుడు గొల్లుమన్నారు. మూత మీద గీత పడిందట. డిపార్ట్‌మెంట్ మీద ఫిర్యాదు రాయడానికి అధ్యక్షుడు కాగితం తెప్పించాడు. ముసలాయన్ని ఎవరు చంపారని మాత్రం ఒక్కడూ అడగలేదు.

సాయంత్రం సీక్రెట్ లైన్లో మాస్టారి గొంతు వినేదాకా మేకు మనసు కుదుటపడలేదు.

“దానికి సగం పని నేర్పింది నేనేరా. ఎలా దొరికింది నీకు?” అన్నాడాయన.

“టైమెంతని అడిగాను మాస్టారూ. చెప్పింది.”