నవత నడిచొచ్చిన గల్లీ

అనంతమ్మ పొయ్యి ముందు కూచుని జొన్నరొట్టెలు చేస్తోంది. పిండి మీద అరచేయి పడే చప్పుడు ఆ గల్లీలో పొద్దున్నే ప్రతి ఇంటి నుంచీ వినిపించేదే. కానీ ఆ రోజు ఆమె చెయ్యి మాటిమాటికీ ఆగిపోతోంది. రొట్టె అంచులు పగులుతున్నాయి. పెనం మీది రొట్టె మాడు వాసన వేస్తే గానీ దాన్ని తిప్పాలని గుర్తు రాలేదు.

"వదినె! ఓ వదినె!"

గేటు దగ్గర సాల్మన్ నిలబడి ఉన్నాడు. పక్కింటివాడే, తాపీమేస్త్రీ. పనికి పోతూ పోతూ ఆగినట్టున్నాడు, భుజాన సంచి వేలాడుతోంది.

"నవత ఎప్పుడొస్తది వదినె? రామ్‌కిషన్ అన్న పుణె పోయి చాన దినాలాయె. గల్లీ అంత నన్నే అడుగుతున్రు."

"వచ్చే ఐతారం," అంది అనంతమ్మ, తలెత్తకుండానే.

"మంచిది. జర ముందుగాల చెప్తే మేమందరం..."

"ఏం జేస్తరు? బ్యాండు పెట్టి ఊరేగిస్తరా?" అనంతమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. "నా బిడ్డేమన్న తమాషానా అందరు నిలబడి చూసెతందుకు? ఎవ్వరు రావొద్దు. జర మమ్ముల ఇడ్సిపెట్టున్రి సాల్మన్."

అతను ఆమె ముఖంలోకి పరీక్షగా చూసి, "సరే వదినె," అని వెళ్లిపోయాడు.

అనంతమ్మ అబద్ధం చెప్పింది. నవత వచ్చేది ఆ రోజే. తెల్లవారకముందే భర్త రామ్‌కిషన్ ఫోన్ చేసి, బస్సు సోలాపూర్ దాటిందని చెప్పాడు.

నవత బడికి పోయే రోజుల నుంచీ పరుగు పిచ్చి ఉన్న పిల్ల. చెరుకు తోటల పక్క మట్టిబాట మీద తెల్లారేసరికి ఒక చుట్టు చుట్టి వచ్చేది. ఆర్మీలో మిలిటరీ పోలీసులోకి ఆడపిల్లలను తీసుకుంటున్నారని తెలిసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా అప్లికేషన్ పెట్టుకుంది. ఎంపికైన కబురు విని రామ్‌కిషన్ తను పనిచేసే ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో అందరికీ మిఠాయి పంచాడు. అనంతమ్మ మాత్రం నెల రోజులు కూతురితో ముభావంగా ఉంది. నల్లా దగ్గర ఎదురింటి నారమ్మ అన్న మాట ఆమె గుండెలో ముల్లులా దిగబడిపోయింది. "ఆడపిల్ల చేతికి తుపాకి ఇచ్చినంక ఇగ పెండ్లెవడు చేసుకుంటడే అనంతమ్మా?"

పోయిన చలికాలం మంచుకొండల్లో మిలిటరీ బండి ఒకటి రోడ్డు అంచున జారి పక్కకు ఒరిగింది. వెనక బండిలో ఉన్న నవత దిగి పరుగెత్తింది. లోపల ఇరుక్కున్న ఇద్దరిని బయటికి లాగింది. డ్రైవరును లాగుతుండగా బండి ఇంకాస్త జారింది. అతన్ని అవతలికి తోసేసింది గానీ ఆమె ఎడమకాలు కింద ఉండిపోయింది. మోకాలి దిగువన డాక్టర్లు దాన్ని తీసేయాల్సి వచ్చింది.

అనంతమ్మ మిలిటరీ దవాఖానకు ఒక్కసారే వెళ్లింది. మంచం మీది దుప్పటి ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు చదునుగా ఉంది. ఆ చదును వైపు చూడలేక ఆమె గోడకు తిరిగి ఏడ్చింది. ఆ ఏడుపు ఆగకపోయేసరికి రామ్‌కిషనే ఆమెను వెనక్కి పంపేశాడు. అప్పటి నుంచి ఆమె మనసులో ఒకటే ఆలోచన. తన బిడ్డ కుంటుతూ గల్లీలో నడుస్తుంటే వాకిళ్లలో నిలబడి చూసే కళ్లు, చాటున చెప్పుకునే మాటలు. అవి బిడ్డ చెవిన పడకూడదు. ఝరాసంగం దగ్గర ఆమె అన్న ఇల్లు చేను మధ్యలో ఉంటుంది. చుట్టూ కందిచేలు తప్ప మనుషులు కనిపించరు. కొన్నాళ్లు అక్కడ ఉంచితే చాలు.

రొట్టెలు గుడ్డలో చుట్టుకుని, ఇంటికి తాళం వేసి, ఆటో మాట్లాడుకుని, బస్సు రావడానికి మూడు గంటల ముందే ఆమె ఊరి బయట బొంబాయి రోడ్డు మీది ధాబా దగ్గరికి వెళ్లింది. బస్సు అక్కడే ఆపించమని భర్తకు ముందే చెప్పి ఉంచింది.

బస్సు ఆగింది. ముందు రామ్‌కిషన్ సామాను దించాడు. తర్వాత తలుపు దగ్గర నవత కనిపించింది. పక్కనున్న కడ్డీ పట్టుకుని, పుణెలో అమర్చిన కొత్తకాలు మెట్టు మీద మోపి, దాని వెంట మంచికాలు దించి, మెట్టు మెట్టుకూ అలాగే దిగింది. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. మనిషి చిక్కిపోయింది. నవ్వు మాత్రం అదే.

"అమ్మా!"

అనంతమ్మ బిడ్డను గట్టిగా హత్తుకుంది. చెంపలు తడిమింది, భుజాలు తడిమింది. కిందికి మాత్రం చూడలేదు.

"దా బిడ్డా, ఆటో ఎక్కు. మీ మామ ఎదురు చూస్తున్నడు."

"మామనా? మామెందుకు? మనింటికి కాదా?"

"కొన్ని దినాలు ఝరాసంగంల ఉందాం. ఆడ గాలి మంచిగుంటది. నిమ్మళంగ ఉంటది."

నవత తల్లి వైపు చూసింది, తర్వాత తండ్రి వైపు చూసింది. రామ్‌కిషన్ తల దించుకున్నాడు. ఆమెకు అర్థమైంది. ధాబా ముందు వేసిన నులకమంచం మీద మెల్లగా కూచుంది.

"అమ్మా, నేనేమన్న దొంగతనం చేసి వస్తున్ననా?"

"గట్లనకు బిడ్డా! వాళ్ల నోళ్లు నీకు ఎర్క లేవు. నువ్వు పోయినప్పుడే నన్ను ఎన్నెన్ని మాటలన్నరో. ఇప్పుడు నిన్ను గిట్ల చూస్తే ఊకుంటరా? ఒకలు అయ్యో అంటరు, ఒకలు మూతి తిప్పుతరు. అవి నువ్వు ఇనొద్దు."

"నేను ఇనొద్దా, నువ్వు ఇనలేవా?"

అనంతమ్మ చేతిలోని రొట్టెల మూట ముడి మళ్లీ బిగించింది. రోడ్డు మీద లారీలు ఒకదాని వెంట ఒకటి దూసుకుపోతున్నాయి.

"పుణెల కొత్తకాలుతోని నడక నేర్పేటప్పుడు రోజు పడేదాన్ని అమ్మా," అంది నవత నెమ్మదిగా. "పడ్డప్పుడల్ల కండ్లు మూసుకొని మన గల్లీనే యాది చేసుకున్న. కిరాణం దుకాణం కాడి మలుపు, బోరింగు, చర్చి గోడ, మన గేటు. ఇగో ఇప్పుడు దుకాణం దాటిన, ఇప్పుడు బోరింగు దాటిన అనుకుంట లేచి నడిచిన. గా గల్లీకే తీస్కపోనంటున్నవా?"

"వాళ్లు నవ్వితేనో?"

"నవ్వనీ. వాళ్లు నవ్వితే ఓర్సుకుంట. నువ్వు దాస్తే ఓర్సుకోలేనమ్మా. కాలు పోయిన దినం గూడ నాకు గింత నొయ్యలే."

అనంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా నోరు విప్పని రామ్‌కిషన్ సామాను కింద పెట్టి దగ్గరికి వచ్చాడు.

"ఏమే, నీకొకటి చెప్పాలె. పొద్దుగాల సాల్మన్ నాకు ఫోన్ చేసిండు. 'అన్నా, వదినె ఐతారం అంటున్నది, మొఖం చూస్తే గట్ల లేదు' అన్నడు. నాకు అబద్ధం ఆడబుద్ధి కాలే. ఇయ్యాలనే అని చెప్పిన."

"అయ్యో దేవుడా! ఇగ ఊరంత..."

"ఆగు, ఇను. ఆయన మమ్ముల వేరే ఏమడగలే. 'నవతకు ఏం ఇష్టమో చెప్పన్నా, గట్లనే చేస్తం' అన్నడు. ఫోన్ బిడ్డకే ఇచ్చిన."

"ఏం చెప్పినవే?" అంది అనంతమ్మ.

"గల్లీ మొదట్ల దిగి ఇంటిదాక నేనే నడిచొస్తనన్న," అంది నవత. "ఎవ్వరు పట్టుకోవద్దన్న. గంతే."

ఝరాసంగం వైపు కాకుండా ఆటో ఊళ్లోకి తిరిగింది. అనంతమ్మ ఏ డప్పుల మోత వినాల్సి వస్తుందో, ఎవరు బిడ్డ మీద పడి ఏడుస్తారో అని చెవులు రిక్కించి కూచుంది. దగ్గరికి వచ్చేకొద్దీ ఆమెకు వింతగా అనిపించింది. ఏ చప్పుడూ లేదు. అంగళ్ల ముందు మనుషులు లేరు. అందరూ ఎటు పోయారు?

ఆటో గల్లీ మొదట్లో ఆగింది. తల బయటికి పెట్టిన అనంతమ్మ అలాగే ఉండిపోయింది.

గల్లీకి రెండు వైపులా, గోడల వెంట, వాకిళ్లలో, మిద్దెల మీద, ఎక్కడ చూసినా మనుషులే. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోకుండా వచ్చిన ఫ్యాక్టరీ పనివాళ్లు, చేతులకు అల్లం మట్టి అంటుకున్న మార్కెట్ హమాలీలు, బురఖాల్లో ఉన్న ఆడవాళ్లు, బడి బట్టల్లో ఆడపిల్లలు. రోడ్డు మీద ఒక లారీ డ్రైవరు బండి ఆపేసి, తలకు చుట్టుకున్న తువాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మధ్యలో మాత్రం బాట ఖాళీగా ఉంది. ఎవరో ఊడ్చి నీళ్లు చల్లారు. అంతమంది ఉన్న ఆ గల్లీలో ఎక్కడో పసిపిల్ల కేరుమన్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

నవత ఆటో దిగింది. షర్టు సర్దుకుంది. నడవడం మొదలుపెట్టింది.

అనంతమ్మ ఆమె వెనకే నడిచింది. నడుస్తూ ప్రతి ముఖంలోకీ భయం భయంగా చూసింది. నవ్వు కోసం వెతికింది, జాలి కోసం వెతికింది. రెండూ దొరకలేదు. నవత ఎదురుగా వచ్చేసరికి ఒక్కొక్కరూ నిటారుగా నిలబడుతున్నారు. కూచున్న ముసలివాళ్లు కట్టె ఊతంతో లేస్తున్నారు. వీధి నాటకం చూస్తున్నట్టు ఎవరూ లేరు. గుళ్లో గంట మోగినప్పుడు, చర్చిలో ప్రార్థన మొదలైనప్పుడు మనుషులు ఎలా ఉంటారో అలా ఉన్నారు.

కిరాణం దుకాణం దాటింది. బోరింగు దగ్గర బండలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. కొత్తకాలు ఒక బండ అంచుకు తగిలింది. నవత ముందుకు తూలింది. గల్లీ అంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. అనంతమ్మ చేతులు చాచి ముందుకు ఉరికింది.

ఆమె ముందు ఒక చెయ్యి అడ్డంగా నిలిచింది. సాల్మన్ చెయ్యి. అతని కళ్ల నిండా నీళ్లు.

"ఆగు వదినె. బిడ్డ వద్దన్నది. మాటిచ్చినం."

అనంతమ్మ చుట్టూ చూసింది. అంతమందిలో అందరి చేతులూ ముందుకు చాచి ఉన్నాయి. కానీ ఒక్కరూ అడుగు వేయలేదు. పట్టుకోవాలని ఎంత ఉన్నా, నవత మాట కోసం ఊరంతా తన చేతులను తాను ఆపుకుంటోంది. తను కన్న పిల్లకు తను ఇవ్వలేని మర్యాద అది.

నవత నిలదొక్కుకుంది. రెండు క్షణాలు ఆగి, మళ్లీ కాలు కదిపింది. అప్పుడు ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. మరుక్షణం రేకుల షెడ్ల మీద పెద్దవాన పడ్డట్టు గల్లీ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా మారుమోగిపోయింది.

ఇంటి ముందు ఎప్పుడూ మూడు మెట్లే ఉండేవి. వాటి పక్కనే ఇప్పుడు తాండూరు బండలు పరిచిన వాలుబాట ఉంది, పట్టుకోవడానికి ఒక ఇనుప గొట్టం కూడా. పొద్దున పనికి పోయిన సాల్మన్ సగం దారిలోంచే వెనక్కి వచ్చాడన్నమాట. ఆ వాలు దగ్గర తెలియని ముసలావిడ ఒకామె నిలబడి ఉంది. నెరిసిన జుట్టు, చేతినేత చీర. న్యాల్‌కల్ అవతల, కర్ణాటక సరిహద్దు ఊరు నుంచి వచ్చిందట. పేరు మహాదేవమ్మ.

"నవత అంటే నువ్వేనా తల్లీ?" అందామె, కన్నడం కలిసిన తెలుగులో. "మంచుల జారిన ఆ బండి డ్రైవరు నా మగ. నా కొడుకు. నువ్వు ఇయ్యాల వస్తున్నవని వాడే చెప్పిండు."

అంటూనే వంగి నవత ఎడమ బూటు మీద రెండు చేతులూ పెట్టింది. నవత కంగారుపడింది.

"అయ్యో అవ్వా, లే. అది నా కాలు కాదు, ప్లాస్టిక్‌ది. దానికెందుకు మొక్కుతవు?"

"దీనికే మొక్కుత తల్లీ," అంది మహాదేవమ్మ, తల ఎత్తకుండా. "నా కొడుకు నీ కాలు తీసుకొనే ఇంటికి నడిచొచ్చిండు."

చప్పట్లు ఆగిపోయాయి. ఎదురు వరసలో నారమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. అనంతమ్మ ఆ ముసలావిడను లేవదీసి, ఎవరో ఏమిటో తెలియని మనిషి మెడ చుట్టూ చేతులు వేసి, పిల్ల పుట్టిన రోజు కూడా ఏడవనంత ఏడ్చింది.

లోపలికి వెళ్లాక తలుపు దగ్గరగా వేసి, అనంతమ్మ కూతురి ముందు నేల మీద కూచుంది.

"చూపించు బిడ్డా," అంది.

నవత ప్యాంటు పైకి మడిచి, పట్టీలు విప్పి, కొత్తకాలు తీసి పక్కన పెట్టింది. అనంతమ్మ చూసింది. కుట్లు మానిన చోట చర్మం ఎర్రగా, నునుపుగా ఉంది. భయపడుతూ అరచేయి ఆనించింది. వెచ్చగా ఉంది. నవతను పొత్తిళ్లలో చేతికిచ్చిన రోజు తగిలిన వెచ్చదనమే.

"నొస్తదా?"

"ఎప్పుడన్న. కొన్నిసార్లు లేని వేళ్లు దురద పెడ్తయమ్మా. గోకుదామంటే దొరకయి."

అనంతమ్మ ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే ఆ కాలును ఒళ్లోకి తీసుకుంది.

"నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా. పోయిన కాలు గురించే కుమిలిన గని, నిలబడ్డ నిన్ను చూడలే. నీకు సిగ్గయితదని దాస్తున్న అనుకున్న. నాకే ధైర్యం లేకుండె."

బయట ఇంకా మనుషుల అలికిడి ఉంది. ఎవరూ తలుపు తట్టలేదు. అలాగని ఎవరూ ఇళ్లకు పోలేదు. అనంతమ్మ కళ్లు తుడుచుకుని లేచి తలుపు బార్లా తెరిచింది.

"ఆడనే నిలబడ్డరేంది? లోపలికి రాండ్రి! వచ్చి నా బిడ్డను చూడున్రి!"

ముందుకు రావడానికి అందరూ మొహమాటపడ్డారు. నారమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని వాలుబాట దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"అనంతమ్మా, ఆ దినం నల్లా కాడ నేనన్న మాట..." అని, ఆపైన చెప్పలేక మనవరాలిని ముందుకు నెట్టింది. "ఇది గూడ ఉరుకుతదంట. మీ నవత నేర్పుతదా అని పొద్దటి సంది నా పానం తీస్తున్నది."

"నేను నిలబడి ఈల ఊదుత, నువ్వు ఉరుకుతవా?" లోపలి నుంచి అరిచింది నవత.

పిల్ల ముఖం వెలిగిపోయింది. అనంతమ్మ గడప దాటి కిందికి దిగి, నారమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

"రా వదినె, కూసో," అంది. "నవతా, మీ నారమ్మత్త వచ్చింది."