గుర్రం మెడ మీది గాటు

ఉదయం 9:10కి మ్యూజియంలో గగ్గోలు మొదలైంది. రోమన్ వెండి నాణేల గదిలో, అద్దాల పెట్టెలో, పన్నెండు నాణేలూ ఉన్నాయి. పన్నెండూ నకిలీవి.

10:25కి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ఊడ్చే ఆవిడ హాలు మధ్య నిలబడి ఉంది. గంటకు పైగా అలాగే నిలబెట్టారట. చుట్టూ సిబ్బంది. ఆమె సంచి నేల మీద బోర్లించి ఉంది. టిఫిన్ డబ్బా, దువ్వెన, కూతురి మందుల చీటీ.

“ఇవి కుమ్మరించింది ఎవరు?”

“నేనే,” అన్నాడు క్యూరేటర్.

ఇన్‌స్పెక్టర్ వంగి ఒక్కొక్కటీ ఏరి సంచిలో పెట్టింది.

క్యూరేటర్ గడగడా చెప్పుకుపోయాడు. నిన్న సాయంత్రం 5:40కి తనే లెన్స్ పెట్టి చూశాడు. అన్నీ అసలువే. ఇవాళ తనిఖీ బృందం వస్తోందని మళ్ళీ తూకం వేస్తే తేడా వచ్చింది. ఈలోగా ఆ గదిలోకి వెళ్ళింది ఈవిడ ఒక్కతే. పెట్టె తాళంచెవి తన డ్రాయర్లో ఉంటుంది, ఎవరైనా తీయొచ్చు.

ఆవిడ చెప్పింది ఒక్కటే. పనిలో చేరి తొమ్మిది రోజులైంది, ఆ పెట్టె అద్దం తుడవడమే తప్ప తెరిచి ఎరగదు.

ఇన్‌స్పెక్టర్ లెన్స్ అందుకుంది. నాలుగో నాణేనికి ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న దేవత తల. రెండోవైపు రెండు గుర్రాల రథం, దాన్ని తోలుతున్న రెక్కల విజయదేవత. తొమ్మిదో నాణెం మీదా అదే బొమ్మ. రెండింటి మీదా గుర్రం మెడ దగ్గర సన్నటి గాటు.

ఆమె మ్యూజియం కేటలాగ్ తెప్పించి ఫోటోల పేజీ తీసింది.

“ఈ ఫోటోలు ఎవరు తీశారు?”

“నేనే.”

“ఎప్పుడు?”

“పోయిన నెల మొదట్లో.”

“ఆ కాలంలో నాణేలను ఒక్కొక్కటిగా సుత్తితో కొట్టి ముద్ర వేసేవాళ్ళు. బొమ్మ ఒకటే కావచ్చు. చేతులు మారేటప్పుడు పడ్డ గాటు రెండింటికీ ఒకే చోట పడదు. ఒక నాణెం నుంచి మూస తీసి రెండూ పోతపోశారు. ఆ గాటు మీ ఫోటోల్లో రెండింటికీ ఉంది. అంటే పోయిన నెలకే ఇవి నకిలీవి. అప్పటికి ఈవిడ ఈ గడపే తొక్కలేదు. మీరు మాత్రం నిన్న లెన్స్ పెట్టి చూసి అసలువన్నారు.”

క్యూరేటర్ పెదవులు తడుపుకున్నాడు.

“తనిఖీ వాళ్ళు వస్తున్నారు మేడమ్. ఎవరో ఒకర్ని చూపించాలి కదా...”

“ఎవరో ఒకర్నా?”

ఆమె గొంతు పెంచలేదు. పక్కనున్న కానిస్టేబుల్ మాత్రం ఒక అడుగు వెనక్కి వేశాడు.

12:15కి క్యూరేటర్ ఇంటి బీరువాలో పదకొండు అసలు నాణేలు దొరికాయి. పన్నెండోది అమ్మేశానని ఒప్పుకున్నాడు. బేడీలు వేశాక, ఊడ్చే ఆవిడ దగ్గర ఆగి, తప్పయిపోయిందని గొణిగాడు.

“నా చెవిలో చెప్పకండి సార్,” అందామె. “దొంగనని అందరి ముందూ అన్నారు. కాదని కూడా అందరి ముందే చెప్పండి.”

సిబ్బందిని హాల్లోకి పిలిచారు. తల దించుకుని అతను చెప్పాడు.

“వెనకవాళ్ళకు వినపడలేదు,” అంది ఇన్‌స్పెక్టర్. “మళ్ళీ చెప్పండి.”